సహకార సంఘం పాత కార్యాలయాన్ని వికలాంగులకు అనువుగా మార్చడం: ర్యాంపు ఒక్కటే సరిపోతుందా?

డెల్టా ఇంజనీరు (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ నమస్కారం. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం కార్యాలయానికి మరమ్మతులు చేయించే పని నాకు అప్పగించారు. రెండంతస్తుల పాత భవనం అది. కింద నగదు కౌంటరు, ఎరువుల గిడ్డంగి, కార్యదర్శి గది ఉన్నాయి. పైన అధ్యక్షులవారి గది, సమావేశ మందిరం, రుణ దరఖాస్తులు పరిశీలించే విభాగం ఉన్నాయి. వానాకాలంలో నీళ్లు చేరే ప్రాంతం కనుక ఆనాడు కట్టినవారు లోపలి నేలను బయటి నేలకన్నా 600 మిల్లీమీటర్ల ఎత్తున ఉంచారు. ముందు నాలుగు మెట్లు ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. గేటు నుంచి మెట్ల దాకా 4 మీటర్ల చోటే ఉంది గాని, భవనం ముందుగోడ వెంబడి 12 మీటర్ల ఖాళీ ఉంది. ప్రస్తుతం అక్కడ మోటారు సైకిళ్లు నిలుపుతున్నారు.

పాలకవర్గం నన్ను కోరినది ఒక్కటే: మెట్ల పక్కన ర్యాంపు వేసి నీలం రంగు చక్రాల కుర్చీ బొమ్మ పెట్టమని. కొలతలు తీసి చూస్తే గేటు వైపు తిన్నగా వేసే ర్యాంపు ప్రతి ఆరున్నర అడుగుల పొడవుకు ఒక అడుగు పైకి లేస్తుంది. అంత వాలు మీద కుర్చీని ఎవరూ సొంతంగా ఎక్కించుకోలేరని నాకు తెలుసు. నిజంగా ఈ కార్యాలయాన్ని వాడుకోవలసినవారికి ఏమేమి అవసరమో వాడేవారి నోటనే విని, ఆ తర్వాత అంచనాలు వేయాలని అనుకుంటున్నాను. సొమ్ము పరిమితం, లిఫ్టుకు అవకాశం లేదు.

గీతల పుస్తకం

వాస్తుశిల్పిగా పనిచేస్తున్నాను, కనుక ముందు వాలు సంగతి చెబుతాను. మన దేశంలో 2021లో సవరించిన సార్వత్రిక సౌలభ్య మార్గదర్శకాలు గాని, వాటికి ముందున్న 2016 నాటివి గాని ర్యాంపుకు అనుమతించే అత్యధిక వాలు 1:12. అంటే మీ 600 మిల్లీమీటర్ల ఎత్తుకు కనీసం 7.2 మీటర్ల పరుగు కావాలి. పైన తలుపు ముందర కుర్చీ నిలవడానికీ, తిరగడానికీ 1.5 మీటర్ల చదరపు సమతలం, కింద మరొకటి ఉండాలి. అన్నీ కలిపితే 10.2 మీటర్లు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడానికి ఇంకో చిన్న సమతలం కలిపినా మీ ముందుగోడ వెంబడి ఉన్న 12 మీటర్లలో ఇమిడిపోతుంది. గేటుకు ఎదురుగా కాకుండా గోడకు సమాంతరంగా వేయండి. రెండు వైపులా కమ్మీలు రెండు ఎత్తుల్లో ఉండాలి, సుమారు 760, 900 మిల్లీమీటర్ల వద్ద. కమ్మీ చివరలు ర్యాంపు ముగిసిన తర్వాత ఇంకో 300 మిల్లీమీటర్లు ముందుకు సాగి గోడలోకి గాని, కిందికి గాని వంగాలి. లేకపోతే చొక్కా చేతులూ చీర కొంగులూ వాటికి చిక్కుకుంటాయి. అంచుల వెంట చిన్న గట్టు ఉండాలి, ముందు చక్రం పక్కకు జారకుండా.

అసలు చిక్కు వాలులో లేదు, మీరే చెప్పిన మోటారు సైకిళ్లలో ఉంది. ర్యాంపు మొదట్లో ఒక్క బండి నిలిపితే ఆ రోజుకు ర్యాంపు లేనట్లే. బండ్లకు వేరే చోటు ఎక్కడో నిర్ణయించకుండా ర్యాంపు పని మొదలుపెట్టకండి. బోర్డు పెడితే ఎవరూ ఆగరు. అక్కడ సిమెంటు స్తంభాలు పాతితే ఆగుతారు, అయితే స్తంభాల నడుమ కనీసం 900 మిల్లీమీటర్ల ఎడం ఉంచాలి.

రిటైర్డ్ ఏఈ

బాబూ, నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ భవనాలు కట్టించినవాణ్ణి. మీ ఆలోచన మంచిదే గాని, సంఘం సొమ్ము రైతుల వాటాధనం అన్న సంగతి మరవకూడదు. మీ సంఘం పరిధిలో చక్రాల కుర్చీలో వచ్చేవారు ఒకరో ఇద్దరో ఉంటారు. వారు వచ్చినప్పుడు గేటు దగ్గర గంట నొక్కితే గుమాస్తా బయటికి వచ్చి కాగితం మీద సంతకం చేయించుకుని పంపిస్తాడు. ఇది నేను నిర్దయతో చెబుతున్న మాట కాదు, పల్లెల్లో జరుగుతున్న పద్ధతే. పైగా 10 మీటర్ల ర్యాంపు వేస్తే ముందుభాగమంతా దానికే పోతుంది, ఎరువుల లారీ ఎక్కడ నిలుస్తుంది?

మూడు చక్రాలు

ఏఈ గారికి నమస్కారం. మీరు చెప్పిన గంట పద్ధతిని నేను చాలా కార్యాలయాల్లో అనుభవించాను కనుక దాని లోపలి సంగతి చెప్పగలను. గుమాస్తా బయటికి వస్తాడు, నిజమే. కాని అతడు వచ్చేది కౌంటరు దగ్గర వరస అంతా అయిపోయాక. వచ్చి, రోడ్డు మీద నిలబడి, నా పంట రుణం ఎంత బాకీ ఉందో, ఏ వాయిదా తప్పిందో పదిమంది వినేటట్లు చెబుతాడు. లోపల కూర్చున్న ప్రతి రైతుకూ ఆ మాట కౌంటరు మీద వంగి మెల్లగా చెబుతారు. తేడా అంతా అక్కడే ఉంది. గేటు దగ్గర సంతకం తీసుకున్న కాగితంలో ఏమి రాసి ఉందో చదువుకునే తీరిక కూడా ఉండదు, ఎండలో నిలబడినవాడు తొందరపెడుతూనే ఉంటాడు.

ఇంజనీరు గారికి ఒక మాట. మీ ప్రమాణాల పుస్తకాలన్నీ చక్రాల కుర్చీని దృష్టిలో పెట్టుకుని రాసినవి. మా ఊళ్లలో చాలామంది వచ్చేది చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద, లేదా పక్క చక్రాలు బిగించిన స్కూటరు మీద. నా బండికి పొడవూ వెడల్పూ ఎక్కువ. అది మామూలు తలుపులో పట్టదు; పట్టినా లోపల తిరగదు. మీరు 1:12 వాలు వేసినా బండితో కౌంటరు దాకా రాలేను. అందువల్ల ర్యాంపుకు దిగువన, నీడలో, బండి నిలుపుకొనే చోటు ఒకటి ఉండాలి. దాని పక్కనే బండి సీటుకు సమానమైన ఎత్తులో ఒక అరుగు ఉంటే దాని మీదికి జరిగి, అక్కడి నుంచి కార్యాలయం వారి చక్రాల కుర్చీలోకి మారతాను. ఆ కుర్చీ తాళం వేసిన గదిలో కాకుండా తలుపు పక్కనే ఉండాలి, టైర్లలో గాలి ఉండాలి. చాలా చోట్ల కుర్చీ ఉంటుంది గాని, దాని మీద పాత రికార్డుల కట్టలు పేర్చి ఉంటాయి.

చేతుల మీద పాకుతూ వచ్చేవారు కూడా ఉన్నారు. వారిని లెక్కలోకి తీసుకునే నక్షా నేను చూడలేదు. వారికి ముఖ్యమైనది నేల. మధ్యాహ్నం ఎండకు కాలిన గ్రానైటు మీద, తడి మరుగుదొడ్డి నేల మీద అరచేతులు ఆనించి రావలసిన మనిషి ఎలా వస్తాడో ఒక్కసారి ఊహించండి.

క్యాలిపర్ కాలు

పై మాటలకు ఒక చేర్పు. చిన్నప్పుడు పోలియో సోకి, కాలికి ఊతగా బిగించే లోహపు చట్రం, అంటే క్యాలిపర్‌తో నడిచే నాలాంటివారు ఈ రెండు రాష్ట్రాల్లో చాలామంది ఉన్నారు. భారతదేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో మనది పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ పొందింది. అయితే అంతకు ముందు సోకినవారం ఇప్పుడు నడివయసులో ఉన్నాం, భుజాలు అరిగిపోతున్నాయి. మాకు పొడవాటి ర్యాంపు కన్నా రెండు వైపులా గట్టి కమ్మీ ఉన్న తక్కువ ఎత్తు మెట్లే సుఖం. వాలు మీద దిగేటప్పుడు బిగించిన మోకాలు ముందుకు తోస్తుంది, కర్ర జారుతుంది. కనుక ర్యాంపు వేశామని మెట్లను పడగొట్టకండి. ఇప్పుడున్న నాలుగు మెట్లూ ఒక్కొక్కటి 150 మిల్లీమీటర్లు కదా, అది మంచి ఎత్తే. కమ్మీలు బిగించి, అంచులకు రంగు వేయిస్తే చాలు. మోకాళ్ల నొప్పులతో వచ్చే పెద్ద రైతులకు కూడా అదే కావాలి, వారు ఒకరో ఇద్దరో కారు.

న్యాయ విద్యార్థి

ఇది దయతో చేసే పనా, చట్టం కోరే పనా అన్న విషయంలో స్పష్టత అవసరం అనిపించింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించగా ఇది 21 రకాలను గుర్తించింది. ప్రజలు వాడుకునే భవనం ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా చట్టం దృష్టిలో ప్రజా భవనమే. కొత్త కట్టడం నక్షా ప్రమాణాలకు లోబడి లేకపోతే అనుమతి ఇవ్వరాదని 44వ సెక్షను, అప్పటికే ఉన్న ప్రజా భవనాలను నియమాలు ప్రకటించిన నాటి నుంచి ఐదేళ్లలో మార్చాలని 45వ సెక్షను చెబుతున్నాయి. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి, కనుక ఆ గడువు 2022లోనే తీరిపోయింది. సేవలు అందించే సంస్థలకు 46వ సెక్షను ఇచ్చిన గడువు రెండేళ్లే. ఉల్లంఘనకు మొదటిసారి 10,000 రూపాయల దాకా, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది.

ఇంత ఉన్నా పనులు ఎందుకు జరగలేదన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరి కేసులో ఇచ్చిన తీర్పు చాలావరకు సమాధానం చెబుతుంది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని 2017 నియమాల్లోని 15(1) నియమం వట్టి సలహాగా మార్చిందనీ, అందువల్ల అది చట్టానికి విరుద్ధమనీ కోర్టు తేల్చింది. ఏవి తప్పనిసరో ఏవి క్రమంగా చేయదగినవో విడదీసి, మూడు నెలల్లో కొత్త ప్రమాణాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారంగా నిలిచిన క్షేత్రస్థాయి నివేదికను తయారుచేసినది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వికలాంగుల అధ్యయన కేంద్రమే. మీ పాలకవర్గానికి ఈ నాలుగు మాటలూ రాతపూర్వకంగా ఇవ్వండి. సొమ్ము లేదన్న మాట కొంత తగ్గుతుంది.

చుక్కల అక్షరం

నాకు చూపు లేదు. ఒక బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాను, కనుక కౌంటరుకు రెండు వైపులా ఉన్న ఇబ్బందులూ తెలుసు. ఇంతవరకు చర్చ అంతా వాకిలి దగ్గరే ఉంది, లోపలికి వెళదాం.

దారి చూపే పసుపు పలకల గురించి మొదట. వీటిని జపాన్‌లో సెయిచి మియాకే రూపొందించగా 1967లో ఒకాయామా నగరంలో మొదటిసారి పరిచారు. పొడుగు గీతలున్న పలక ‘ముందుకు సాగు’ అని, గుండ్రటి చుక్కలున్న పలక ‘ఆగు, ముందు ఏదో ఉంది’ అని చెబుతుంది. మన దగ్గర మేస్త్రీలకు ఈ తేడా ఎవరూ చెప్పరు. అందంగా ఉంటుందని మొత్తం వరండా అంతా చుక్కల పలకలే పరిచిన కార్యాలయంలో నేను ప్రతి అడుగుకూ ఆగవలసి వచ్చింది. మీ భవనం చిన్నది. గేటు నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కౌంటరు దాకా ఒక్క వరస గీతల పలకలు, మెట్లకూ ర్యాంపుకూ 300 మిల్లీమీటర్ల ముందు చుక్కల పలకలు వేస్తే చాలు. ఆ వరస మీద పూలకుండీ, నీళ్ల డ్రమ్ము, చెప్పుల గుట్ట ఉండకూడదు.

నా దృష్టిలో రాళ్లకన్నా కాగితాలు పెద్ద అడ్డంకి. సంఘాల నోటీసులు, సర్వసభ్య సమావేశపు ఎజెండాలు, వడ్డీ పట్టికలు వాట్సాప్‌లో వస్తాయి. వాటిలో చాలావరకు కాగితాన్ని ఫోటో తీసి పంపినవి. నా ఫోన్‌లోని తెరమీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడరుకు అది ‘చిత్రం’ మాత్రమే. మరికొన్ని డీటీపీ కేంద్రంలో యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరాన్నీ తెలుగు అక్షరంగానే దాచే పద్ధతి) కాని పాత ఫాంటులో కొట్టించి పీడీఎఫ్ చేసినవి. చూసేవారికి అక్షరాలు ముత్యాల్లా కనిపిస్తాయి గాని, ఆ ఫైలు లోపల ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, తెలుగు ఆకారాలు తొడుక్కున్న ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. స్క్రీన్ రీడరు వాటిని ఉన్నవి ఉన్నట్లే చదువుతుంది. ‘వడ్డీ రాయితీ’ అని ఉన్నచోట అర్థం లేని నాలుగైదు ఇంగ్లీషు అక్షరాలు, ఒక బ్రాకెట్టు, ఒక డాలరు గుర్తు వినిపిస్తాయి. అదే విషయాన్ని యూనికోడ్‌లో టైపు చేసి పంపితే కంప్యూటరుకు ఉచితంగా దొరికే స్క్రీన్ రీడరు ఎన్‌వీడీఏ అయినా, ఆండ్రాయిడ్ ఫోన్‌లోని టాక్‌బ్యాక్ అయినా తెలుగులో శుభ్రంగా చదివి వినిపిస్తాయి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి. ఇంజనీరు గారు అంచనాల్లో ఈ పద్దు రాయలేరు, కాని పాలకవర్గానికి చెప్పగలరు.

ఇక నగదు కౌంటరు. ఇప్పటి 100 రూపాయల నోటు 142, 200 నోటు 146, 500 నోటు 150 మిల్లీమీటర్ల పొడవు. వెడల్పు మూడింటికీ 66. అంటే 200కూ 500కూ పొడవులో తేడా 4 మిల్లీమీటర్లే, నలిగిన నోట్లలో అది వేలికి అందదు. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో విడుదల చేసిన ‘మణి’ యాప్ నోటును గుర్తించి చెబుతుంది గాని, వెనుక వరసలో పదిమంది నిలబడి ఉండగా ఒక్కొక్క నోటునూ కెమెరా ముందు పెట్టడం అయ్యే పని కాదు. క్యాషియరు గారు నోట్లను రకాలవారీగా విడదీసి, లెక్కను పైకి చదివి, ఒక్కో రకాన్ని విడిగా చేతిలో పెడితే సరిపోతుంది. సంతకం చేయవలసిన చోట ఆనించడానికి దీర్ఘచతురస్రపు రంధ్రం ఉన్న ఒక అట్టముక్క కౌంటరులో ఉంచండి. వేలిముద్రే వేయాలని పట్టుబట్టే అలవాటు ఇంకా పోలేదు. అక్షరాలు వచ్చిన మనిషి చేత వేలిముద్ర వేయించడం ఎందుకు?

పెదవుల భాష

నాకు వినికిడి శక్తి బాగా తక్కువ. కౌంటరు అద్దానికి వెనుక, కిటికీ వెలుతురుకు వీపు చూపిస్తూ కూర్చునే ఉద్యోగి ముఖం నాకు నల్లని నీడగా కనిపిస్తుంది, పెదవులు చదవలేను. ఉద్యోగి ముఖం మీద వెలుతురు పడేటట్లు బల్లను తిప్పండి. టోకెన్ నంబరు పైకి అరవడంతోపాటు బోర్డు మీద కూడా కనిపించాలి. ఒక రాతపలక, ఒక పెన్ను కౌంటరు మీద ఉంచితే మిగిలినది మేము చూసుకుంటాం. నన్ను ‘చెవిటివారు వచ్చారు’ అని కేకవేసి పిలిచే సహాయం మాత్రం వద్దు.

రిటైర్డ్ ఏఈ

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. గంట పద్ధతి గురించి మూడు చక్రాల వారు చెప్పిన గోప్యత విషయం బలమైనది, దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా కొన్ని విషయాల్లో నా అభిప్రాయం మారలేదు. దారి చూపే పలకలు డెల్టాలో బయట వేస్తే రెండు వానాకాలాలకే ఒండ్రు పట్టి, గీతల మధ్య నాచు చేరి జారుడుబల్ల అవుతాయి. ఎవరు కడుగుతారో తేల్చకుండా వేయవద్దు. ర్యాంపు మీద మెరిసే గ్రానైటుగాని, పాలిష్ చేసిన టైల్స్‌గాని వేయనే వేయకండి. గరుకు సిమెంటుకు అడ్డగీతలు పెట్టించండి, నీరు పక్కకు పోయేటట్లు. ర్యాంపు కిందనే ముందుభాగపు మురుగు కాలువ వస్తుంది, దాని మీది ఇనుప జాలీ సందులు చక్రం నడిచే దిశలో కాకుండా అడ్డంగా ఉండాలి, లేకపోతే ముందు చక్రం అందులో దిగబడుతుంది. మరొక సంగతి: ఈ రోడ్ల వాళ్లు తారు మీద తారు వేస్తూ రోడ్డు మట్టం పెంచుతూనే ఉంటారు. గేటు దగ్గర ఈనాడు సమంగా ఉన్నది నాలుగేళ్లకు గుంట అవుతుంది. అక్కడ విడిగా తీసి మళ్లీ పరచుకోగల ఇంటర్‌లాక్ ఇటుకలు వేయించండి.

లారీ సంగతికి మాత్రం ఎవరూ సమాధానం చెప్పలేదు.

గీతల పుస్తకం

ఏఈ గారూ, గిడ్డంగికి వెనుక సందు వైపు తలుపు ఉన్నట్లయితే లారీ అటు రావచ్చు. ఇంజనీరు గారే చెప్పాలి.

మరుగుదొడ్డి గురించి ఇంతవరకు ఒకరే పైపైన ప్రస్తావించారు. నాకు తెలిసిన ఒక కార్యాలయంలో అన్ని కొలతలూ సరిగ్గా కట్టిన వికలాంగుల మరుగుదొడ్డి ఉంది. దాని తలుపుకు తాళం. తాళంచెవి అటెండరు జేబులో. ఆయన వచ్చి తెరిస్తే లోపల చీపుళ్లు, ఫినాయిల్ డబ్బాలు, విరిగిన కుర్చీ, పాత ఎన్నికల బ్యానర్లు. గోడకు బిగించిన ఊతకమ్మీ మీద తడి మాపుగుడ్డ ఆరేసి ఉంది. కట్టినవారిని తప్పుపట్టడానికి లేదు. చీపుళ్లు పెట్టుకోవడానికి ఆ భవనంలో మరో గది కట్టలేదు, అంతే. అందువల్ల మీ నక్షాలో మూడడుగుల అలమర ఒకటి శుభ్రం చేసే సామగ్రికి కేటాయించండి. మరుగుదొడ్డిని కాపాడేది అదే.

లోపల కనీసం 2000 × 2200 మిల్లీమీటర్లు. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకు జరగాలి. లోపలికి తెరుచుకుంటే మనిషి పడిపోయినప్పుడు తలుపుకు అడ్డంగా పడి, బయటివారు తెరవలేరు. కమోడు సీటు నేల నుంచి 450 నుంచి 480 మిల్లీమీటర్ల ఎత్తు, దాని ఒక పక్కన కుర్చీ వచ్చి ఆగడానికి 900 మిల్లీమీటర్ల ఖాళీ. ఆ ఖాళీలోనే బకెట్టు పెడతారు, కాబట్టి కుళాయి స్థానాన్ని ముందే ఆలోచించి సీటులో కూర్చున్నవారి చేతికి అందేచోట పెట్టండి. నేల పొడిగా ఉండాలంటే వాలు గది మూలకు కాకుండా గోడ వెంబడి సన్నని కాలువకు ఇవ్వాలి. గడప అసలే వద్దు.

కౌంటరులో కొంతభాగాన్ని 750 నుంచి 800 మిల్లీమీటర్ల ఎత్తుకు దించండి, కింద మోకాళ్లకు ఖాళీ వదలండి. ఆ భాగం మీద కంప్యూటరు పెట్టి మూసేయకుండా చూసే బాధ్యత కార్యదర్శి గారిది.

న్యూజెర్సీ తెలుగు

ఇక్కడి పద్ధతి ఒకటి మీకు ఉపయోగపడవచ్చు. అమెరికా వికలాంగుల చట్టం 1990 జూలై 26న సంతకమైంది. పాత భవనాల యజమానులు అన్నీ ఒకేసారి చేయలేరు కనుక, దాని కింద వచ్చిన నియమాలు ఖర్చుకు ఒక వరస సూచించాయి: ముందు వీధి నుంచి, బండి నిలిపే చోటు నుంచి లోపలికి రాగలగాలి, తర్వాత సేవ దొరికే చోటికి చేరగలగాలి, ఆ తర్వాత మరుగుదొడ్డి, చివరగా మిగతావి. మీ దగ్గర సొమ్ము తక్కువ అన్నారు కనుక ఈ వరసలో ఖర్చు పెట్టుకుంటూ పోతే మధ్యలో సొమ్ము అయిపోయినా చేసినంతవరకు పనికివస్తుంది. ర్యాంపు వాలు ఇక్కడ కూడా 1:12.

చుక్కల అక్షరం

వరస బాగుంది, అయితే రెండో మెట్టులో ఒక విషయం చేర్చండి. సేవ దొరికే చోటు ఈరోజుల్లో గది మాత్రమే కాదు, యంత్రం కూడా. వేలిముద్ర యంత్రం కుష్ఠు వ్యాధి నయమైనవారి వేళ్లను గుర్తించదు, పొలం పనితో అరిగిన వేళ్లనూ గుర్తించదు. ఫోన్‌లో కేవైసీ చేసేటప్పుడు ‘కళ్లు ఆర్పండి’ అంటుంది. కళ్లు పోయినవారు, యాసిడ్ దాడిలో రెప్పలు కాలినవారు ఏమి చేయాలి? ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ఈ విషయం మీదనే తీర్పు ఇచ్చి, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పి, కేవైసీ ప్రక్రియను వికలాంగులకు అనువుగా మార్చడానికి 20 ఆదేశాలు జారీచేసింది. సంఘంలో వేలిముద్ర విఫలమైతే రెండో దారి ఏమిటో ఒక కాగితం మీద రాసి కౌంటరులో అంటించి ఉంచాలి. అప్పుడు గుమాస్తాను బట్టి సమాధానం మారదు.

నిర్వాహకులు

సభ్యులకు మనవి: ఫలానా కార్యాలయం, ఫలానా అధికారి అంటూ పేర్లతో వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాము. చర్చను కార్యాలయ మార్పులకే పరిమితం చేయగలరు.

మూడు చక్రాలు

పై అంతస్తు గురించి ఎవరూ మాట్లాడలేదు. రుణ దరఖాస్తుల విభాగం పైన ఉందన్నారు, సమావేశ మందిరం కూడా పైనే. నేను ఒక సంఘంలో వాటాదారుణ్ణి. సర్వసభ్య సమావేశానికి నన్ను ఇద్దరు కుర్చీతో ఎత్తి పైకి తీసుకువెళతామంటారు, నేను వద్దంటాను. ఎత్తేవారి చేయి జారడం ఒకటి, పైకి ఎక్కినవాడు దిగాలన్నా వారినే అడగాలి. అధ్యక్షుణ్ణి గట్టిగా ప్రశ్నించిన తర్వాత, ఆయన మనుషులు ఎత్తితేనే నేను కిందికి రాగలను అన్న పరిస్థితిలో ఎవరు ప్రశ్నిస్తారు?

లిఫ్టు వద్దు. రుణాల విభాగాన్ని కిందికి దించి, కార్యదర్శి గదిని పైకి పంపండి.

రిటైర్డ్ ఏఈ

ఇది అన్నిటికన్నా తెలివైన సూచన. ఖర్చు ఒక గోడా, నాలుగు విద్యుత్ పాయింట్లూ. కార్యదర్శి ఒప్పుకోవడమే కష్టం.

డెల్టా ఇంజనీరు

పాలకవర్గంతో నిన్న సమావేశం జరిగింది. అందరి సూచనలనూ క్రోడీకరించి, న్యాయ విద్యార్థి గారు చెప్పిన సెక్షన్లతో కలిపి రెండు పేజీల కాగితం ఇచ్చాను. యూనికోడ్‌లోనే టైపు చేయించాను.

ర్యాంపు గోడ వెంబడి వేయడానికి ఒప్పుకున్నారు. గిడ్డంగికి వెనుక సందులో తలుపు ఉంది గాని, సందు మలుపులో ఒక విద్యుత్ స్తంభం అడ్డు వస్తోంది. దాన్ని జరిపేదాకా లారీ ముందునుంచే వస్తుంది, కాబట్టి సరుకు దించే పని ఉదయం కార్యాలయం తెరవకముందే ముగించాలని తీర్మానం రాశారు. మోటారు సైకిళ్లు పక్క ఖాళీ స్థలానికి పోతాయి. మెట్లు ఉంటాయి, కమ్మీలు వస్తాయి, అంచులకు పసుపు రంగు పట్టీ వస్తుంది. బండి నిలిపే నీడ, సీటు ఎత్తు అరుగు అంచనాలో చేర్చాను. దారి పలకలను ఏఈ గారి హెచ్చరికను బట్టి బయట గేటు నుంచి వరండా వరకు మామూలు గరుకు బాటకు అంచుగట్టు పెట్టి, దాన్నే కర్రతో తడుముకుంటూ రాగలిగేటట్లు చేసి, పలకలను మెట్ల ముందర, లోపల మాత్రమే వేస్తున్నాము. చుక్కల అక్షరం గారికి ఇది సమ్మతమేనా?

మరుగుదొడ్డికి ఈ సంవత్సరం సొమ్ము చాలదన్నారు. నేను పైపులూ కాలువ వాలూ మాత్రం ఇప్పుడే వేయించి, గదికి చోటు వదిలిపెడుతున్నాను. రుణాల విభాగం కిందికి వస్తుంది. కార్యదర్శి గారు పైకి వెళ్లడానికి ఒప్పుకోలేదు. ఆయన గదిలో సగం ఇస్తానన్నారు. సమావేశ మందిరం విషయం వాయిదా పడింది. సర్వసభ్య సమావేశాన్ని మాత్రం ఎదురుగా ఉన్న పాఠశాల ఆవరణలో జరపవచ్చని ఇద్దరు డైరెక్టర్లు అన్నారు గాని, అది తీర్మానంలోకి ఎక్కలేదు.

చుక్కల అక్షరం

అంచుగట్టు సమ్మతమే. అది ఎక్కడా తెగకుండా ఉండాలి, కనీసం 100 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే కర్రకు బాగా దొరుకుతుంది. బాట పక్కన చెట్టు కొమ్మలు గాని, కిటికీ తలుపులు గాని ముఖం ఎత్తున బయటికి పొడుచుకు రాకుండా చూడండి. వాటిని కర్ర పట్టుకోలేదు.

మూడు చక్రాలు

పాఠశాల ఆవరణ సంగతి తీర్మానంలోకి ఎక్కించండి. నోటిమాటగా ఉంటే వచ్చే ఏడాది మళ్లీ పైఅంతస్తే అవుతుంది.

ఇంకొక్క కోరిక. సిమెంటు పోయకముందు ర్యాంపునూ, మలుపునూ, అరుగునూ నేల మీద సున్నంతో గీయించండి. మాది పక్క మండలమే. నా బండి, ఒక చక్రాల కుర్చీ తీసుకుని వస్తాను. గీత మీద తిప్పి చూస్తే ఎక్కడ చాలదో అక్కడికక్కడే తెలుస్తుంది, చెరిపి మళ్లీ గీయడానికి ఖర్చేమీ ఉండదు.

డెల్టా ఇంజనీరు

తప్పకుండా. వచ్చే ఆదివారం ఉదయం ముగ్గు పోయిస్తాను, ఆ రోజు మోటారు సైకిళ్లు ఉండవు. ఏఈ గారు కూడా వీలైతే రాగలరు. మురుగు కాలువ జాలీ ఎక్కడ పెట్టాలో అక్కడే తేల్చుకుందాం.